ఎంఎస్‌తో మంచాన పడ్డ భర్త... "ఇంక మందుల్లేవు" అన్నాక ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆయనకి 54 ఏళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాలు దెబ్బతినే జబ్బు) వచ్చి చాలా ఏళ్లయింది, ఇప్పుడు మంచంలోనే, యూరిన్‌కి పైపు వేశారు. కాళ్లు బిగుసుకుపోతున్నాయి, నీళ్లు తాగితే పొలమారుతోంది. ఇంక చేసేదేం లేదు ఇంట్లోనే చూసుకోండన్నారు. ఆయాలు నిలవట్లేదు, నాకే నడుం పట్టేస్తోంది. నర్సుని పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా? - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, చేసేదేం లేదన్న మాట ముందు మనసులోంచి తీసేయండి, చేయాల్సింది చాలా ఉంది. ఈ స్టేజ్‌లో ఎంఎస్‌ని ఆపే మందులు పెద్దగా పనిచేయకపోవచ్చు, అది నిజమే, కానీ ఇలాంటి పేషెంట్లు మళ్లీ మళ్లీ హాస్పిటల్లో చేరేది ఎక్కువగా యూరిన్ ఇన్ఫెక్షన్, పడక పుండ్లు, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే నిమోనియా వల్ల, వీటిని చాలావరకు ఆపగలిగేది మంచి నర్సింగే.

బ్రిటన్‌లో ఎంఎస్ కోసమే ట్రైనింగ్ అయిన నర్సులు ఉంటారు, పేషెంటుకి, ఇంట్లో చూసుకునేవాళ్లకి కూడా వాళ్లే అండ. మన దగ్గర అలాంటివాళ్లు దొరకడం కష్టం. అందుకని రోజంతా ఆయానే ఉంచుకోండి, వారానికో పది రోజులకో ఒకసారి మాత్రం వెన్నుపూస దెబ్బలు, పక్షవాతం కేసులు చూసిన జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సుని రప్పించుకోండి, ఆవిడ పని మీకూ ఆయాకీ నేర్పడం, ఒళ్లంతా చెక్ చేయడం, కాథెటర్ (యూరిన్ పైపు) చూడడం.

కాళ్లు మామూలు కంటే ఒక్కసారిగా ఎక్కువ బిగుసుకుంటే వెంటనే జబ్బు ముదిరిందని భయపడొద్దు, ముందు యూరిన్ చూడండి, పైపు మెలిపడిందా, మోషన్ అయ్యిందా, ఎక్కడన్నా పుండు మొదలైందా చూడండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు వాడుతుంటే అయిపోయిందనో మగతగా ఉందనో సడన్‌గా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి.

పుండ్ల సంగతి: రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, మడమలు పరుపుకి తగలకుండా కాలి కింద దిండు పెట్టడం, ఎయిర్ బెడ్ ఉన్నా ఇవి తప్పవు. నడుం కింద ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే ఎరుపు పోకపోతే అది పుండుకి మొదలు, ఆ పక్కకి పడుకోబెట్టకండి. రంగు ముదురైతే ఎరుపు తెలియదు, అక్కడ వేడిగా గట్టిగా ఉందేమో తాకి చూడండి.

పొలమారడం నాకు అన్నిటికంటే దిగులు కలిగించే విషయం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందకి వంచి, స్పూన్‌తో మెల్లగా పెట్టండి, తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. చాలామందికి పల్చటి నీళ్ల కంటే చిక్కటి జావ సులువుగా దిగుతుంది, కానీ ఎంత చిక్కగా అన్నది మింగడం కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చెక్ చేసి చెప్పాలి, ఈ నెలలోనే చూపించండి. ఎండాకాలం ఒంట్లో వేడి పెరిగితే నీరసం, బిగుతు ఎక్కువవుతాయి, కూలర్, తడి టవల్ ఉంచుకోండి.

2016 వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోకపోతే అప్లై చేయండి. పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధలు తగ్గించే వైద్యం) అంటే క్యాన్సర్‌కే అనుకుంటారు, కాదు, మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి, కొన్నిచోట్ల టీమ్ ఇంటికే వస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది, వాళ్లతో మాట్లాడితే మీలాంటి కుటుంబాలు పరిచయమవుతాయి.

చలిజ్వరం, ఆయాసం, పైపులోంచి యూరిన్ రాకుండా పొట్ట ఉబ్బడం, మాట తేడాగా ఉండడం, పుండు నల్లబడడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక మీ నడుం. ఆయన్ని చంకల కింద చేతులేసి ఒక్కరే లాగకండి, ఆయన భుజానికీ మంచిది కాదు, కింద దుప్పటి వేసి ఇద్దరూ కలిసి జరపండి, మంచం ఎత్తు మీ నడుం దాకా ఉండేలా చూసుకోండి. రాత్రి తిప్పడం వారంలో రెండు రోజులన్నా వేరేవాళ్లకి అప్పజెప్పి నిద్రపోండి, ఈ వారంలోనే ఫిజియోకి చూపించుకోండి.