ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొంటున్నారా? ముందు మీ సెల్లార్‌లోకి దిగి చూసి రండి

మీరు అడిగింది ఇదీ: నిజాంపేటలో అపార్ట్‌మెంట్, గచ్చిబౌలిలో ఆఫీసు, ఐదేళ్లు నడిచిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కారు) ఒకటి మంచి రేటుకి వస్తోంది. రోజువారీ వాడకంలో ఏమేం చూసుకోవాలి? "ఛార్జింగ్ పెట్టకపోయినా పెట్రోల్ మీద నడిచిపోతుంది కదా?"

ఆ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతానండీ. నడుస్తుంది. కానీ అలా నడపాలనుకుంటే ఈ బండి కొనొద్దు. పెద్ద బ్యాటరీని, మోటారుని ఊరికే మోసుకు తిరుగుతూ ఆ బరువుకి కూడా మీరే పెట్రోల్ పోయించాలి. హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్‌లకు అసలు ప్లగ్గే ఉండదు. వాటి బ్యాటరీలో పట్టేది ఒక యూనిట్ అటూ ఇటూ కరెంటు, అది బండే నింపుకుంటుంది. ప్లగ్-ఇన్ అలా కాదు. రాత్రి మీరు పెట్టిన కరెంటే దాని తిండి.

నాదీ సెకండ్ హ్యాండ్ బండే, మూడేళ్లయింది. కంపెనీ పేరు చెప్పను. ఊళ్లో ఇలాంటివి ఎన్నుంటాయి, పేరు చెబితే నంబర్ ప్లేటు చెప్పినట్టే. ఇంటికి తెచ్చిన రోజు డిక్కీ అడుగున సంచి తీసి చూస్తే ఛార్జింగ్ కేబుల్ కంపెనీ కవర్లో చుట్టింది చుట్టినట్టే ఉంది. మొదటి ఓనరు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని విప్పలేదు. "మైలేజీ రావట్లేదు" అని అమ్మేశాడట పాపం.

లెక్క చెబుతాను, మీకూ సరిపోతుంది. నేనుండేది ప్రగతినగర్, ఆఫీసు నానక్‌రామ్‌గూడ, పోను రాను 36 కిలోమీటర్లు. బ్యాటరీ ఖాళీ నుంచి నిండేసరికి గోడ నుంచి పది, పదిన్నర యూనిట్లు లాగుతుంది. దానిమీద ఏసీతో 32, 33 కిలోమీటర్లు వస్తుంది. సాయంత్రం వచ్చేటప్పుడు జేఎన్‌టీయూ దాటాక ఇంజిన్ నిద్ర లేస్తుంది, ఇంటి దాకా ఆ కాస్తే పెట్రోల్. నెలకి 22 రోజులకు కరెంటు 230 యూనిట్ల చిల్లర. మా ఇంట్లో మామూలుగానే 400 దగ్గరికి వస్తుంది కాబట్టి బండి తాగే యూనిట్లు దాదాపు అన్నీ 9.50 స్లాబులో పడతాయి, అంటే 2,200 రూపాయలు. పెట్రోల్ ఇంకో 800, 900. ఛార్జింగ్ పెట్టకుండా సిటీలో తిప్పితే నాకు లీటరుకు తొమ్మిదిన్నర దాటలేదు. లీటరు 107 చొప్పున నెలకి 9,000. ఈ తేడా కోసమే కదా ఇంత తతంగం.

ఒక మెలిక ఉంది. మీ ఇంట్లో నెలకి 200 యూనిట్ల లోపే అవుతుంటే బిల్లు మీరనుకున్న దానికంటే ఎక్కువ పెరుగుతుంది. 200 దాటితే పైన వాడిన వాటికే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. మొదటి వందకి 3.40 పడేది కాస్తా 5.10 అవుతుంది. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇక అసలు సంగతి, సెల్లార్. ఈ బళ్లలో చాలావాటికి ఫాస్ట్ ఛార్జింగ్ ఉండదు. ఓఆర్ఆర్ పక్కన, మాల్స్‌లో కనిపించే పెద్ద డీసీ ఛార్జర్ల గన్ను మన బండికి పట్టనే పట్టదు. కాబట్టి మీ పార్కింగ్ స్లాట్‌లో 16 ఆంప్స్ సాకెట్ ఒకటి ఉంటేనే ఈ బండి, లేకపోతే లేదు. మీ సొంత మీటరు నుంచే లైను లాగించుకోండి, కామన్ మీటరు నుంచి వద్దు. ఆ గొడవ అసోసియేషన్ మీటింగులో పడితే మూడు నెలలు తెగదు. మా దగ్గర ఒక పెద్దాయన "పేలితే ఎవరిది బాధ్యత" అని మొదలుపెట్టారు. ఆయన స్కూటీ ఛార్జింగ్ పెట్టేది లిఫ్టు పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. నేనేం మాట్లాడలేదు.

వైరు రాగిది, 6 స్క్వేర్ ఎంఎం వేయించండి. బోర్డులో ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉండాలి. సాకెట్ నేలకి దగ్గరగా కాకుండా ఛాతీ ఎత్తున పెట్టించండి. 2020 అక్టోబరు వానకి సెల్లార్లలో కార్లు ఎలా తేలాయో మన ఊళ్లో ఎవరూ మర్చిపోయి ఉండరు. జనరేటర్ లైను మీద మాత్రం పెట్టొద్దు. మొదటిసారి ఛార్జింగ్ పెట్టాక గంటకి ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలే వెళ్లకండి.

ఇవన్నీ చేసి కూడా నేను ఇరుక్కున్నది ఎర్తింగ్ దగ్గర. కొన్న మొదటి ఏప్రిల్. రాత్రి ప్లగ్ పెడితే పచ్చ లైటు బదులు ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది, ఛార్జింగ్ ఎక్కదు. కేబుల్ పోయిందనుకున్నాను, కొత్తది ఎంతో తెలుసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వచ్చి టెస్టర్ పెట్టి చూసి, "ఎర్త్ లేదు సార్, నూట్రల్ నుంచి చిన్న ముక్క లూప్ చేస్తా, పచ్చ లైటు వచ్చేస్తది" అన్నాడు. ఈ మాట ఎవరన్నా అంటే టీ తాగించి పంపించేయండి, పని మాత్రం చేయించుకోకండి. నూట్రల్ ఎక్కడైనా తెగిందంటే బండి బాడీకే కరెంటు వస్తుంది. కేబుల్ డబ్బాలో ఆ ఎర్ర లైటు పెట్టింది ఎర్త్ లేకపోతే ఆపడానికే. దాన్ని మోసం చేస్తే మనల్ని మనం చేసుకున్నట్టు.

చివరికి ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరు భూమిలోకి దిగే గొయ్యి, ఎక్కడుందో మా వాచ్‌మన్‌కి మాత్రమే తెలుసు. జనరేటర్ వెనకాల, కరివేపాకు చెట్టు కింద. సిమెంటు మూత పారతో లేపితే లోపల మట్టి బీటలు వారి ఉంది, చీమల పుట్ట కూడా. మన ఊరి కింద ఉన్నది గ్రానైట్ బండ, నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. అలాంటి నేల ఎండితే ఎర్త్ దిగదు. రెండు బకెట్ల నీళ్లు పోసి అరగంట ఆగి ప్లగ్ పెడితే పచ్చ లైటు. తర్వాత ఉప్పు, బొగ్గు వేయించి గొయ్యి మళ్లీ చేయించాం, ఆ ఖర్చు అసోసియేషనే పెట్టుకుంది. ఇప్పటికీ ఉగాది నుంచి వానలు పడేదాకా తులసికోటకి నీళ్లు పోసినట్టు దానికీ రోజూ ఒక బకెట్ పోయిస్తాను.

నడపడం గురించి పెద్దగా చెప్పేది లేదు. మోడ్ పేర్లు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి, సారం ఒకటే. ట్రాఫిక్‌లో బ్యాటరీ, హైవేలో పెట్రోల్. బయోడైవర్సిటీ జంక్షన్‌లో అరగంట ఇరుక్కుంటే ఇంజిన్ ఆగి ఉండి ఏసీ మాత్రం చల్లగా వస్తుంటే ఆ సుఖమే వేరు. ఆ అరగంటకి ఏసీ తినేది రెండు కిలోమీటర్ల బ్యాటరీ, అంతే. అదే బ్యాటరీ మీద ఓఆర్ఆర్ ఎక్కి 120లో పోతే 33 రావాల్సింది 20 రావడం గగనం. శంషాబాద్ వెళ్లేటప్పుడు ఓఆర్ఆర్ ఎక్కగానే "హోల్డ్" నొక్కి బ్యాటరీని దాచుకోండి, దిగాక వాడుకోండి. ఇంజిన్‌తో బ్యాటరీ నింపే "ఛార్జ్" మోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని మర్చిపోండి. పెట్రోల్ తగలేసి కరెంటు చేసుకోవడం అంటే నెయ్యి అమ్మి డాల్డా కొన్నట్టు.

ఎండాకాలంలో ఇంకోటి. ఆఫీసుకి బయల్దేరే పది నిమిషాల ముందు, ప్లగ్ పీకకుండానే ఫోన్ నుంచి ఏసీ వేయండి. కారు చల్లబడే కరెంటు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ నిండుగానే గేటు దాటుతారు. ఇంటికి రాగానే కాకుండా అర్ధరాత్రి దాటాక ఛార్జింగ్ మొదలయ్యేలా టైమర్ పెట్టుకుంటే బ్యాటరీ కూడా కాస్త చల్లారుతుంది.

శ్రీశైలం వెళ్తే ఘాట్ కోసం బ్యాటరీలో కాస్త ఖాళీ ఉంచుకోండి. ఈగలపెంట నుంచి డ్యామ్ దాకా అంతా దిగుడే. బ్యాటరీలో చోటుంటే ఆ దిగుడంతా కరెంటుగా మారి వెనక్కి వస్తుంది, వంతెన దాటాక సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు అదే పనికొస్తుంది. నిండుగా ఉంటే తీసుకోవడానికి చోటుండదు, బ్రేకులు వేడెక్కడమే మిగులుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పదు, ఇంజిన్ ఉంది కాబట్టి. ఆకుపచ్చ ప్లేటు కూడా రాదు, అది పూర్తి బ్యాటరీ బళ్లకే. నేను మొదటిసారి బంకు పక్కన ఆగి ఉన్న వ్యాన్ దగ్గరికి వెళ్తే ఆ అబ్బాయి సైలెన్సర్‌లో పైపు పెట్టి, "స్టార్ట్ జేయుండ్రి సార్" అన్నాడు.

"స్టార్ట్‌లోనే ఉంది."

నన్నోసారి, బండినోసారి చూసి, వంగి సైలెన్సర్‌కి చెవి పెట్టాడు. స్క్రీన్ మీద అన్నీ సున్నాలు, కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు. నాకప్పుడు వెలిగి మోడ్ మార్చి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది. ఆ అబ్బాయి రెండడుగులు వెనక్కి దూకి, "గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా సార్!" అన్నాడు. మీరు వ్యాన్ దగ్గరికి వెళ్లేలోపే పవర్ మోడ్‌లో పెట్టండి.

పెట్రోల్ బంకులో కూడా ఇలాంటిదే. మూత లాగితే రాదు. ఇంజిన్ ఎప్పుడో గానీ నడవదు కాబట్టి ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా సీలు చేసి ఉంటుంది. లోపల బటన్ నొక్కితే ముందు ప్రెషర్ వదిలి, కొన్ని సెకన్లకి మూత తెరుచుకుంటుంది. వెనక హారన్లు మోగినా తొందరపడి పీకనివ్వకండి. ట్యాంకు ఫుల్ చేయించే అలవాటుంటే మానుకోండి. మన పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, తేమ పీలుస్తుంది, నెలల తరబడి నిల్వ ఉంచే సరుకు కాదు. నేను సగం దాటనివ్వను. పదిహేను రోజులకోసారి ఇంజిన్‌ని అరగంట బాగా తిప్పుతాను, ఆదివారం ఓఆర్ఆర్ మీద. ఇంజిన్ ఆయిల్ కిలోమీటర్లు చూసి కాకుండా ఏడాదికోసారి మార్పించండి. ఒక సర్వీస్ సెంటర్‌లో "తక్కువ తిరిగింది కదా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు, నేను ఒప్పుకోలేదు. చిన్న చిన్న దూరాలకు వెలిగి ఆరే ఇంజిన్‌లోనే ఆయిల్ ముందు పాడయ్యేది.

పెద్ద బ్యాటరీ గురించి అందరూ భయపడతారు. నన్ను నడిరోడ్డున నిలబెట్టింది మాత్రం మామూలు 12 వోల్టుల బ్యాటరీ. సంక్రాంతికి సూర్యాపేట బస్సులో వెళ్లి మూడు వారాలకు వస్తే బండి తలుపు కూడా తీయలేదు. తప్పు నాదే, చవగ్గా బిగించిన డ్యాష్‌క్యామ్ రాత్రింబవళ్లు తాగేసింది. పెద్ద బ్యాటరీ సగం నిండుగా ఉంది, అయినా ఈ చిన్నది లేకపోతే దాన్ని నిద్ర లేపేవాడే లేడు. కీలో దాగి ఉన్న ఇనుప తాళం ఎలా తీయాలో, జంప్ స్టార్ట్ పాయింటు ఎక్కడుందో కొన్న రోజే చూసి పెట్టుకోండి. ఊరెళ్లేటప్పుడు పెద్ద బ్యాటరీని నిండుగానూ, ఖాళీగానూ వదలొద్దు, సగం మేలు.

ఇంకో చిన్న సంగతి, ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. మా సెల్లార్‌లో కుక్కలు బండ్ల కింద పడుకుంటాయి. మామూలు కారు స్టార్ట్ చేస్తే లేచి పోతాయి. ఇది చప్పుడు లేకుండా కదులుతుంది. ఒకరోజు ఉదయం రివర్స్ వేస్తుంటే మా ఆవిడ అరవబట్టి సరిపోయింది, తోక ఒక్కటే టైరుకి జానెడు దూరంలో. అప్పట్నుంచి వంగి చూసి, బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి గానీ ఎక్కను. పక్క స్లాట్ ఆయన నేను బండికి దండం పెడుతున్నాననుకుంటున్నాడు.

ఇక మీ బండి సంగతి. ఒక రాత్రి పూర్తి ఛార్జింగ్ పెట్టి ఇమ్మనండి. స్క్రీన్ మీద చూపించే కిలోమీటర్లు నమ్మకండి, ఎలక్ట్రిక్ మోడ్‌లో ఏసీ వేసి ఇంజిన్ దానంతటదే వెలిగేదాకా నడిపి మీటర్ చూసుకోండి. 25 లోపు వస్తే బేరం గట్టిగా ఆడండి. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్ల వారంటీ ఇస్తాయి, మీకు అందులో ఎంత మిగిలిందో, పేరు మారితే వర్తిస్తుందో లేదో కాగితం మీద చూడండి. ఛార్జింగ్ కేబుల్ తెమ్మనండి. అది కొత్తదిలా మెరుస్తుంటే సంతోషపడకండి, ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎంత తిరిగిందో అడగండి. ఆ మొత్తం కిలోమీటర్లూ పెట్రోల్ మీదే తిరిగి ఉంటుంది.