మానేసిన తరువాత పొంచి ఉండే ప్రమాదం

ప్రశ్న: హెరాయిన్‌కు అలవాటు పడిన మా తమ్ముడు చికిత్సా కేంద్రంలో కొన్ని నెలలు ఉండి ఈ మధ్యనే ఇంటికి వచ్చాడు. వ్యసనం నుంచి బయటపడినవారు వారం వారం జరుపుకునే సమావేశాలకు వెళ్తానంటున్నాడు. అక్కడికి వచ్చేవారందరూ ఒకప్పుడు మత్తు వాడినవారే కాబట్టి మళ్లీ పాత సావాసాలు మొదలవుతాయేమోనని అమ్మ భయపడుతోంది. పంపించవచ్చునా? — ఒక అక్క

జవాబు: తప్పకుండా పంపించండి. మీ అమ్మగారు నిజంగా భయపడవలసిన విషయం వేరే ఉంది. దాని గురించి కింద చెబుతాను.

ఇటువంటి సమావేశాలకు మూలం ఆల్కహాలిక్స్ అనానిమస్. షేర్ల వ్యాపారంలో పనిచేసిన బిల్ విల్సన్, శస్త్రవైద్యుడైన బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు, 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఒకరికొకరు తోడుగా నిలిచి దానిని ప్రారంభించారు. మాదకద్రవ్యాలను వదలదలచినవారి కోసం అదే పద్ధతిలో నార్కోటిక్స్ అనానిమస్ 1953లో కాలిఫోర్నియాలో ఏర్పడింది. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు, మానేయాలన్న కోరిక ఒక్కటే అర్హత. కొత్తగా వచ్చినవారు ఏళ్ల తరబడి మత్తుకు దూరంగా ఉన్న ఒకరిని స్పాన్సర్‌గా, అంటే తోడుండి దారి చూపేవారిగా, ఎంచుకుంటారు. అర్ధరాత్రి కోరిక తన్నుకొచ్చినప్పుడు ఇంట్లోవారికి చెప్పుకోలేని మాటను సంకోచం లేకుండా ఫోనులో చెప్పుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడు. ఇక పాత సావాసం అంటారా, కలిసి వాడినవారు వేరు, కలిసి మానినవారు వేరు. అయినా ఏదైనా ఒక బృందం మీ తమ్ముడికి నచ్చకపోతే మరొక బృందాన్ని చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం. హెరాయిన్ వంటి ఓపియాయిడ్లను (నల్లమందు తరహా మత్తుమందులను) రోజూ తీసుకునేవారి శరీరం క్రమంగా పెద్ద మోతాదును తట్టుకునే స్థితికి వస్తుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ తట్టుకునే శక్తి పోతుంది, కానీ పాత మోతాదు మాత్రం మనసులో అలాగే ఉంటుంది. చికిత్సా కేంద్రం నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన తొలి వారాల్లో, ఒక్కసారి కాలుజారి పాత మోతాదే తీసుకున్నవారు ఊపిరి ఆగి చనిపోవడానికి కారణం ఇదే. పైగా బయట అమ్మే సరుకులో మార్ఫిన్ కన్నా సుమారు 100 రెట్లు శక్తిమంతమైన ఫెంటనిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్ కలిసి ఉండవచ్చు. కాబట్టి మీ తమ్ముడు చేరబోయే బృందాన్ని మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మళ్లీ వాడినవాడు మరుసటి రోజు వచ్చి కూర్చుంటే మీరు ఏం చేస్తారు? కుర్చీ చూపించే బృందమే మంచి బృందం. సిగ్గుపడి దూరమైనవాడు ఒంటరిగా వాడతాడు. ఒంటరిగా వాడేవాడికి ఊపిరి ఆగితే చూసేవారు ఉండరు.

మరో మాట. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా వాడే మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ వైద్యులు రాసి ఉంటే, అవి తీసుకునేవారు నిజంగా మానినట్టు కాదని కొన్ని బృందాల్లో కొందరు అంటూ ఉంటారు. ఆ మాట విని మందు ఆపవద్దు. ఆ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. సభ్యులెవరూ వైద్యుల పాత్ర వహించరాదని ఆల్కహాలిక్స్ అనానిమస్ తన ప్రచురణల్లోనే చెప్పింది.

ప్రశ్న: ఆగస్టు 31న మా సంఘం తరఫున ఒక సమావేశం ఏర్పాటు చేస్తున్నాం. హెరాయిన్ వంటివి మోతాదు మించినవారికి (ఓవర్‌డోస్) ఇచ్చే నలోక్సోన్ అనే మందును వాడే పద్ధతి నేర్పిద్దామంటే, అది మత్తు తీసుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే అవుతుందని పెద్దలు అభ్యంతరపెడుతున్నారు. ఏం చేయమంటారు? — ఒక కార్యకర్త

జవాబు: మీరు ఎంచుకున్నది అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినం; 2001లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైంది. చనిపోయినవారిని నిందలేకుండా తలచుకోవడం, మరొకరు అలా చనిపోకుండా చూడడం దాని ఉద్దేశాలు. మొదటిదానికి మాత్రమే చోటిస్తే అది సంతాప సభగా మిగిలిపోతుంది.

నలోక్సోన్ మత్తునివ్వదు. మెదడులో ఓపియాయిడ్లు పట్టుకున్న చోటి నుంచి వాటిని తొలగించి, ఆగిపోతున్న శ్వాసను తిరిగి నడిపిస్తుంది. అలవాటు పడినవారికి అది ఇస్తే వణుకు, వాంతులు, ఒళ్లు నొప్పులు వస్తాయి కాబట్టి, అది దగ్గరుందన్న ధైర్యంతో సరదాగా ఎక్కువ మోతాదు తీసుకుంటారన్న వాదన నాకు సబబుగా తోచదు. ఓవర్‌డోస్‌ను చూసే అవకాశం ఉన్న సాధారణ ప్రజలకు దీనిని అందుబాటులో ఉంచి, వాడకం నేర్పాలని 2014లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మీ పెద్దలకు ఈ మాట చెప్పండి.

నేర్పవలసినది అరగంటలో అయిపోతుంది. పిలిచినా కుదిపినా లేవకపోవడం, శ్వాస బాగా మందగించడం లేదా గురకలాంటి గరగర శబ్దం రావడం, పెదవులు నీలిరంగుకు మారడం, కంటిపాపలు సూదిమొనంత కావడం గుర్తులు. వెంటనే అంబులెన్సును పిలవాలి, నలోక్సోన్ ఇవ్వాలి, శ్వాస ఆడకపోతే నోటి ద్వారా ఊపిరి అందించాలి, శ్వాస మొదలైతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చన్నీళ్లు గుమ్మరించడం, నోట్లో ఏదైనా పోయడం ప్రమాదకరం. రెండు మూడు నిమిషాల్లో మార్పు రాకపోతే మరొక మోతాదు ఇవ్వాలి. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది. లోపలి ఓపియాయిడ్ అంతకన్నా ఎక్కువసేపు పనిచేస్తే శ్వాస మళ్లీ ఆగవచ్చు. లేచి కూర్చున్నవాడు బాగానే ఉన్నానని వెళ్లిపోతానన్నా ఒంటరిగా వదలకూడదు. నలోక్సోన్ దొరికే పద్ధతి, సాయం చేసినవారికి చట్టం ఇచ్చే రక్షణ దేశానికొక తీరుగా ఉంటాయి కాబట్టి వాటిని ముందుగా తెలుసుకోండి.

వేదికమీద సిరంజీలు, పొడుల చిత్రాలు పెట్టవద్దు. కొత్తగా మానినవారిలో అవి కోరికను రేపుతాయి. చనిపోయినవారి పేర్లు చదవదలిస్తే కుటుంబాల అనుమతి తీసుకోండి.

ప్రశ్న: మద్యం, నిద్రమాత్రలు ఎక్కువైనా నలోక్సోన్ పనిచేస్తుందా? — ఒక పాఠకుడు

జవాబు: పనిచేయదు. అయితే మనిషి ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు ఇవ్వవచ్చు. ఓపియాయిడ్ లేని శరీరానికి అది హాని చేయదు, ఉంటే ప్రాణం నిలుపుతుంది. మద్యం, నిద్రమాత్రలు, ఓపియాయిడ్లు కలిపి తీసుకున్నప్పుడే శ్వాస ఆగే ప్రమాదం ఎక్కువ. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారిని ఎవరైనా ఒక్కసారిగా మానమంటే, మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటివారిని సమావేశానికి తీసుకెళ్లే ముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.