'ఎదురు మాట్లాడుతున్నారు' అనే ముందు

ప్రశ్న: కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈసారి నన్ను 8వ తరగతికి క్లాస్ టీచర్‌గా వేశారు. పిల్లలు ఒకరినొకరు నాన్నల పేర్లు పెట్టి పిలుచుకుంటారు, కొట్లాటలన్నీ అక్కడే మొదలవుతాయి. ఏమన్నా అంటే నాకే ఎదురు సమాధానం. బడి తెరిచిన రోజే గట్టిగా రూల్స్ పెట్టేయమని తోటి టీచర్లు అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక టీచర్, కావలి

జవాబు: మీకు అనిపించిందే సరైనది మేడమ్. జూన్ వడగాలికి క్లాసంతా చెమటలు కక్కుతుంటే బోర్డు మీద పది రూల్స్ రాసి చదివిస్తే చదువుతారు, బెల్ కొట్టగానే మర్చిపోతారు. మొదటి వారం రూల్స్ వద్దు, పేర్లతో మొదలుపెట్టండి. 'నిన్ను ఏమని పిలిస్తే నీకిష్టం?' అని ఒక్కొక్కరినీ అడిగి, ఆ పేరుతోనే పిలవండి. 'నిన్ను వీళ్లు ఏమని ఏడిపిస్తారు?' అని మాత్రం అందరి ముందు అడక్కండి, పోయినేడాది మర్చిపోయిన పేరు కూడా మళ్లీ బయటికొస్తుంది.

రేయ్, ఒసేయ్ అనుకుంటే వదిలేయండి, స్నేహితుల మధ్య అది చనువు. వదలకూడనివి నాన్న పేరుతో వెక్కిరించడం, ఒంటి రంగు, ఆకారం మీద అనడం, కులం ఎత్తడం. కులం మాట వినపడిన క్షణమే ఆపాలి. నెల్లూరు జిల్లాలో యానాది గిరిజన కుటుంబాలు ఎక్కువ, ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి హైస్కూలు గడప తొక్కినవాళ్లు, ఆ తెగ పేరునే తిట్టుగా వాడటం మనందరం విన్నదే. ఆ మాట పడిన పిల్ల మర్నాటి నుంచి బడికి రాకపోతే 'వాళ్లకు చదువు మీద ధ్యాస ఉండదండీ' అని మనమే తేల్చేస్తాం. ఇది తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

అలాగని అన్నవాణ్ణి అందరి ముందు నిలబెట్టి దులపకండి. పక్కకు పిలవండి. ఏమన్నావు, అది విన్న పిల్లకు ఎలా ఉంటుంది, ఇప్పుడు ఆమెతో ఏం చెప్తావు అని అడిగి, వాడు చెప్పేదాకా ఓపిక పట్టండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. గోడకుర్చీ వేయించాలనిపించినప్పుడు అది గుర్తుంచుకోవాలి.

ఇక ఎదురు సమాధానం. పెద్దవాళ్ల ముందు నోరు మెదపకపోవడమే గౌరవం అని మనల్ని పెంచారు, అందుకే పిల్లవాడు 'ఎందుకు మేడమ్?' అన్నా మనకు ఎదురు మాటలాగే వినిపిస్తుంది. వాళ్లలో చాలామందికి తిరగబడాలని ఉండదు, ఒప్పుకోనప్పుడు ఎలా చెప్పాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే. మీరు తెలుగు టీచరు, ఇది మీ పీరియడ్‌లో పనే. రోజూ పది నిమిషాలు ఇలాంటివి నోటితో అనిపించండి: 'మేడమ్, అర్థం కాలేదు, ఇంకోసారి చెప్తారా?', 'నాకు అలా అనిపించలేదు మేడమ్, ఎందుకంటే...', 'ఆ పేరుతో పిలవొద్దు, నాకు నచ్చదు'. మొదట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలని పెట్టండి, ఎవరు వింటున్నారో ఎవరు వినడం లేదో వాళ్లకే తెలిసిపోతుంది. ఎవరైనా నిజంగానే పెడసరంగా మాట్లాడితే 'బెల్ అయ్యాక మాట్లాడుకుందాం' అని పాఠంలోకి వెళ్లిపోండి. బెల్ అయ్యాక తప్పకుండా మాట్లాడండి, లేకపోతే రెండోసారి ఆ మాటను ఎవరూ లెక్కచేయరు.

ఇంకో మాట. మధ్యాహ్న భోజనం దగ్గర కాసేపు నిలబడి చూడండి. వండే ఆవిడను 'ఏయ్, కూర వెయ్' అంటున్నారా, 'అక్కా, ఇంకొంచెం కూర' అంటున్నారా? ఆవిడను టీచర్లే 'ఏమే' అని పిలుస్తుంటే పిల్లల్ని అని లాభం లేదు. తల్లిదండ్రుల విషయమూ అంతే. 2024 డిసెంబర్ 7 నుంచి బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, రొయ్యల గుంటల దగ్గర కూలి మానుకుని వచ్చిన తల్లిని గుమ్మంలోనే నిలబెట్టి 'నువ్వు' అని, కారులో వచ్చిన తండ్రిని 'రండి, కూర్చోండి' అని అంటే ఇద్దరి పిల్లలూ చూస్తూనే ఉంటారు. కుర్చీ ఇద్దరికీ వేయండి.

ప్రశ్న: మా పాప ఈ ఏడాదే 6వ తరగతికి హైస్కూల్లో చేరింది. బాత్రూమ్‌కి వెళ్తానని అడగడానికి కూడా టెన్షన్ పడి సాయంత్రం దాకా ఆపుకుంటోంది. టీచర్‌తో మాట్లాడితే పాపను చులకనగా చూస్తారేమోనని భయం.
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఈ వారంలోనే వెళ్లి మాట్లాడండమ్మా. క్లాసు మధ్యలో కాకుండా బడి వదిలాక, పాప పక్కన లేనప్పుడు. 'మీరు పంపించడం లేదట' అని మొదలుపెట్టకండి, 'అడగడానికి భయపడుతోంది మేడమ్, మీరే ఒకసారి క్లాసులో అందరికీ చెప్తే బాగుంటుంది' అనండి. అడిగే మాట పాపతో ఇంట్లో అనిపించండి, ఇంగ్లిష్ మీడియం అయినా తెలుగులోనే అడగొచ్చని చెప్పండి. బడికి వెళ్లే ముందు నీళ్లు తాగడం మానేసిందేమో కూడా చూడండి. మంట, నొప్పి అంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.