కన్ఫ్యూషియస్‌ని చైనీయులు దేవుడిగా పూజిస్తారా?

చాలామంది పూజించరు, ఈ ప్రాచీన చైనా తత్వవేత్తని గురువుగా గౌరవిస్తారు, ఇంట్లో నిత్యం పూజ అందుకునేది మాత్రం పూర్వీకులు. కన్ఫ్యూషియస్ బోధనలో తల్లిదండ్రుల పట్ల భక్తే పునాది. వాళ్లు పోయినా ఆ బాధ్యత తీరదు, అందుకే పోయినవారికి చేసే సేవ సామాన్యుల దగ్గర మతంలా నిలబడింది.

ఏప్రిల్ 4 లేదా 5న వచ్చే ఛింగ్‌మింగ్ పండుగే చూడండి. కుటుంబమంతా సమాధుల దగ్గరికి వెళ్లి కలుపు పీకి, రాయి తుడిచి, అగరొత్తులు వెలిగిస్తారు. పండ్లు, వండిన కోడి, టీ పెడతారు. పరలోకంలో ఖర్చులకు పనికొస్తాయని ఉత్తుత్తి కాగితపు నోట్లు కాలుస్తారు. ఈ నోట్లు కన్ఫ్యూషియస్ చెప్పినవి కావు, జానపద నమ్మకం. కానీ ఇళ్లలో ఆ తేడా ఎవరూ చూడరు. పెద్దల నుంచి పిల్లల దాకా వరసగా వంగి నమస్కరిస్తారు.

దేవుడిగా పూజించరు కదా అని కన్ఫ్యూషియస్ మార్గం ఉత్త తత్వశాస్త్రం అనుకోవడం పొరపాటు. ఆయనకు ఆలయాలున్నాయి. 1530లో మింగ్ వంశ చక్రవర్తి ఆదేశంతో వాటిలో చాలాచోట్ల విగ్రహాలు తీసేసి, పేరు రాసిన ఫలకాలు పెట్టారు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు ఇప్పటికీ వెళ్లి దండం పెట్టుకుంటారు. ఇండోనేషియాలోనైతే ప్రభుత్వం గుర్తించిన ఆరు మతాల్లో ఇదొకటి; అక్కడివాళ్లు కూడా ఆయన్ని ప్రవక్త అంటారు తప్ప దేవుడనరు.