పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) షీట్ మీద హాట్ మెల్ట్ (వేడికి కరిగించి పూసే జిగురు) పొరలా లేచిపోతుంటే

పీపీ షీట్‌ను ఈవీఏ హాట్ మెల్ట్‌తో అట్టకి అతికిస్తే నిలవడం లేదని మీరు అడిగారు. లోపం జిగురు బలంలో లేదు, అది షీట్‌ను తడపడం లేదు, అంటే దాని మీద పరుచుకోవడం లేదు. మర్నాటికి పీపీ వైపు శుభ్రంగా లేచిపోతోందని, అట్ట వైపు మాత్రం గట్టిగా ఉందని రాశారు కదా, అదే ఆధారం. పీపీ ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లే. పోలార్ గుణమున్న (అణువుల్లో స్వల్ప విద్యుదావేశాలు వేరుపడి ఉండే) ఈవీఏకి, అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ జిగురుకి, అక్కడ పట్టు దొరకదు. జిగురులో జిగట పెంచే రెజిన్ ఎంత పెంచినా ఇది తీరదు.

1. షీట్ మీద డైన్ ఇంక్ (ఉపరితల శక్తిని పరీక్షించే ఇంక్) గీత గీయండి. చుక్కలుగా విడిపోతే అతికించకండి.

2. కరోనా (విద్యుత్ ఉత్సర్గం) లేదా ఫ్లేమ్ (మంట) ట్రీట్‌మెంట్‌తో ఉపరితల శక్తిని మీటరుకు 38–40 మిల్లీన్యూటన్లకి తెండి. చాలామంది జారవిడిచేది ఇక్కడే: ట్రీట్ చేసిన షీట్లను గోడౌన్‌లో పెట్టేస్తారు. రోజులు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోతుంది, స్లిప్ ఏజెంట్ (షీట్లు జారేందుకు ప్లాస్టిక్‌లో కలిపే పదార్థం) పైకి వస్తే మరీ త్వరగా. అందుకే లైనుకి ఎక్కించే ముందు ప్రతి కట్టలో ఒక షీట్ తీసి మళ్ళీ ఇంక్ గీయండి. వేళ్ళు తగిలిన చోట కూడా గీత విరగడం మీకే కనిపిస్తుంది.

3. ట్రీట్‌మెంట్ కుదరకపోతే ఏపీఏఓ (పోలార్ కాని పాలీఓలెఫిన్) బేస్ జిగురుకి మారండి, హైడ్రోజనేటెడ్ హైడ్రోకార్బన్ రెజిన్‌తో. జిగురులో వాక్స్ (మైనం) తగ్గించండి.

ట్యాంకు వేడి మాత్రం పెంచకండి, జిగురు మాడి నాజిల్ మూసుకుపోతుంది.