చందా డబ్బును నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నేను కామిక్స్ గీస్తాను. ఆరేళ్లుగా వారానికో ఎపిసోడ్ చొప్పున ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతున్నాను. ఏడు నెలల క్రితం నెలవారీ మెంబర్‌షిప్ మొదలుపెట్టాను. ఇప్పుడు 212 మంది సభ్యులున్నారు. వారిలో 60 మంది ఏడాది చందా ఒకేసారి కట్టారు (10 నెలల చందా కడితే 12 నెలల సభ్యత్వం). పై టియర్‌లో (ఎక్కువ చందా కట్టే శ్రేణిలో) 38 మంది ఉన్నారు. వాళ్లకు నెలకో పోస్ట్‌కార్డు నా చేత్తో గీసి పంపుతాను. ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని 7తో భాగిస్తే నా జీతంలో 60 శాతం ఉంది. పూర్తికాలం గీస్తే మిగతా 40 శాతం కూడా వస్తుందని నమ్మకం. వెయ్యి మంది నిజమైన అభిమానులుంటే చాలంటారు కదా. ఉద్యోగం మానేయనా? ఏడాది చందాల డబ్బుతో మంచి డ్రాయింగ్ టాబ్లెట్ కొనుక్కోవచ్చా? నెలవారీ లెక్కల పట్టిక పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక మాట. ఆరేళ్లు ఉచితంగా ఇచ్చిన పనికి 212 మంది తమంతట తాము డబ్బు కట్టడం చిన్న విషయం కాదు. మీరు గీసేది ఆగకూడదని వాళ్లు కోరుకుంటున్నారు. నా కోరిక కూడా అదే. అందుకే ఉద్యోగం ఇప్పుడే మానేయవద్దంటున్నాను. ఎప్పుడు మానేయవచ్చో కూడా చెబుతాను.

మీ 60 శాతం లెక్క సరిచూద్దాం. ఒక సభ్యుడి నెల చందాను ఒక పాలు, అంటే ఒక వాటా అనుకోండి. మీ పట్టిక ప్రకారం నెలనెలా కట్టేవారి నుంచి ఏడు నెలల్లో 723 పాళ్లు వచ్చాయి. ఏడాది చందాల నుంచి 600 వచ్చాయి. మొత్తం 1,323. అయితే ఆ 60 మంది సగటున ఐదు నెలల క్రితం చేరారు. అంటే వాళ్లకు మీరు ఇంకా ఏడు నెలల పని బాకీ ఉన్నారు. ఆ 600లో 250 మాత్రమే మీరు సంపాదించినవి. మిగతా 350 మీ అకౌంట్‌లో ఉన్నా ఇంకా మీవి కావు. వాటిని పక్కన పెడితే నెల సగటు మీ జీతంలో 44 శాతానికి దిగుతుంది.

ఇందులోంచి ప్లాట్‌ఫామ్ కమిషన్, పేమెంట్ చార్జీలు పోవాలి. మీ పట్టికలో ఉన్నది సభ్యులు కట్టిన మొత్తం, మీ చేతికి అందిన మొత్తం కాదు. అభిమానులు కళాకారులకు నెలనెలా చందా కట్టే వెబ్‌సైట్ పేట్రియాన్‌లో 2025 ఆగస్టు నుంచి కొత్తగా చేరే కళాకారులకు కమిషన్ 10 శాతం. చందా న్యూస్‌లెటర్ల వెబ్‌సైట్ సబ్‌స్టాక్ కూడా 10 శాతమే తీసుకుంటుంది. కార్డు చార్జీలు దీనికి అదనం. ఎవరైనా ఐఫోన్ యాప్ లోపలి నుంచే చేరితే యాపిల్ 30 శాతం దాకా తీసుకుంటుంది. అందుకే సభ్యత్వం లింకు ఎప్పుడు పెట్టినా బ్రౌజర్‌లో తెరుచుకునేలా పెట్టండి. అన్నీ కలిపి 15 శాతం పోతుందనుకుంటే మీకు మిగిలేది జీతంలో 37 శాతం దగ్గర. పోస్టేజీ, ఆదాయపు పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు. సభ్యులు ప్రేమతో కట్టినా, దానికి బదులు మీరు ఏదో ఒకటి ఇస్తున్నారు కాబట్టి అది బహుమతి కాదు, ఆదాయమే. డబ్బు అకౌంట్‌లో పడిన రోజే పన్ను వాటా వేరే అకౌంట్‌కు మార్చేయండి. సంవత్సరం చివర్లో టెన్షన్ ఉండదు.

‘ఇప్పుడు సభ్యులు పెరిగారు కదా, ఏడు నెలల సగటు ఎందుకు చూడాలి’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ 212 మందీ ఇలాగే ఉంటే పరిస్థితి నా లెక్క కన్నా మెరుగే. ఇలాగే ఉంటారా అన్నది తేలాలి.

మీ పట్టికలో నన్ను ఎక్కువసేపు ఆపిన అంకె ఒకటుంది. గత మూడు నెలలుగా నెలకు దాదాపు 12 మంది మానేస్తున్నారు. 30 మంది దాకా కొత్తగా చేరుతున్నందువల్ల ఇది మీ కంటికి ఆనలేదు. నెలనెలా కట్టేవారు ఇప్పుడు 152 మంది. అందులో 12 అంటే 8 శాతం. నెలకు 8 శాతం పెద్దగా అనిపించదు. కానీ ఈ రోజు వంద మంది ఉంటే ఏడాది తిరిగేసరికి అందులో మిగిలేది 37 మందే.

చేరేవారి వేగం కూడా ఇలాగే ఉండదు. ఆరేళ్లుగా చదువుతున్నవారిలో ఇవ్వాలనుకున్నవాళ్లు మొదటి నెలల్లోనే చేరిపోతారు. నేను చూసిన దాదాపు ప్రతి కళాకారుడి లెక్కల్లోనూ మొదటి ఏడాది జోరు రెండో ఏడాదికి తగ్గింది. నెలకు చేరేవారి సంఖ్యను మానేసేవారి శాతంతో భాగించండి. మీ సభ్యత్వం చివరికి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. నెలకు 8 మందే చేరుతూ 8 శాతం మానేస్తుంటే 100 మంది దగ్గర ఆగుతుంది. మీరు ఎంత కష్టపడినా, ఈ రెండు అంకెలూ మారకపోతే అక్కడే తిరుగుతుంటుంది. అదే 8 మంది చేరుతూ మానేసేవారు 4 శాతానికి తగ్గితే 200 దాకా వెళుతుంది. అంటే ఉన్నవాళ్లను నిలుపుకోవడం కొత్తవాళ్లను రెట్టింపు చేసుకున్నంత పని చేస్తుంది. అది మీ చేతిలో ఉన్న పని కూడా. కొత్తవాళ్లు ఎప్పుడు వస్తారన్నది ఎవరి చేతిలోనూ లేదు.

ఈ 12 మందిలో కొందరు నిజంగా మానేసినవాళ్లు కాకపోవచ్చు. కార్డు గడువు తీరడం వల్లో, అకౌంట్‌లో డబ్బు లేకపోవడం వల్లో పేమెంట్ ఫెయిలై జారిపోయిన వాళ్లుంటారు. ఫెయిలైన పేమెంట్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ మీరే నాలుగు మాటలు రాయండి. పది నిమిషాల పనితో ఒక సభ్యుడు తిరిగొస్తే అంతకన్నా తక్కువ ఖర్చుతో కొత్త సభ్యుడు దొరకడు. మానేసినవారిని ఎందుకు మానేశారో అడగడానికి మొహమాటపడకండి.

వెయ్యి మంది అభిమానుల మాట అమెరికన్ రచయిత కెవిన్ కెల్లీ 2008లో రాసి, తర్వాత సవరించిన వ్యాసంలోది. ఆ వ్యాసంలో రెండు షరతులున్నాయి, చాలామంది వాటిని వదిలేసి సంఖ్యనే పట్టుకుంటారు. ఒకటి, ఒక్కో అభిమాని నుంచి ఏడాదికి 100 డాలర్ల లాభం రావాలి. ఆయన చెప్పింది రాబడి గురించి కాదు, ఖర్చులు పోగా మిగిలేదాని గురించి. రెండు, ఆ డబ్బు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా మీకు చేరాలి. పైగా ఆయన దృష్టిలో నిజమైన అభిమాని అంటే మీరు ఏం చేసినా కొనేవాడు. మీ 212 మందిలో అలాంటివాళ్లు ఎందరో మొదటి రెన్యువల్ వచ్చేదాకా తెలియదు.

ఇక పోస్ట్‌కార్డులు. ఒక్కో కార్డుకు 40 నిమిషాలు పడుతుందని పట్టిక అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు. 38 కార్డులకు 25 గంటలు దాటుతుంది. అంటే నెలలో మూడు పూర్తి పనిదినాలు. ఆ నెల మీరు కామిక్ మీద ఎన్ని గంటలు కూర్చున్నారో పక్కనే రాసి చూడండి. ఈ టియర్ 80 మందికి పెరిగితే మీకు సంతోషంగా ఉంటుందా, గుండె గుభేలుమంటుందా? గుభేలుమంటుందంటే ఆ టియర్‌ను రూపొందించిన తీరే తప్పు అన్నమాట.

నా సలహా ఏమిటంటే, పై టియర్‌లో చేరికలు ఈ రోజే ఆపండి. ఇప్పుడున్నవాళ్లకు ఇచ్చిన మాట వాళ్ల గడువు తీరేదాకా నిలబెట్టుకోండి. ఆ తర్వాత చేతితో గీసిన కార్డు స్థానంలో, మీ పనిలోంచి ఎలాగూ పుట్టేదాన్ని ఇవ్వండి: పెన్సిల్ స్కెచ్చులు, కొట్టేసిన డైలాగులు, ఒక పేజీ ఎందుకు మూడుసార్లు మారిందో చెప్పే చిన్న ఆడియో. గీసేవాళ్లకు ఇవన్నీ చెత్తబుట్ట సామానులా కనిపిస్తాయి. చదివేవాళ్లకు కావలసింది అదే. మార్పును రెండు నెలల ముందే చెప్పండి. కొందరు వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. కామిక్‌ను మాత్రం ఎప్పటిలా అందరికీ ఉచితంగానే ఉంచండి. సభ్యులకు వారం ముందు చూపిస్తే చాలు. తలుపు మూసేస్తే రేపటి సభ్యుడు మిమ్మల్ని చూసే దారి ఉండదు.

కింది టియర్ చందా మరీ తక్కువగా పెట్టకండి. ఎందుకో 2017 డిసెంబరులో పేట్రియాన్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. ప్రతి చందా మీద 2.9 శాతం, ఆపైన 35 సెంట్లు సభ్యులే కట్టాలని ఆ సంస్థ ప్రకటించింది. పెద్ద చందాలకు అది లెక్కలోకి రాదు, ఒక డాలరు కట్టేవారికి మాత్రం మూడో వంతుకు మించి భారం పడేది. సభ్యులు వెళ్లిపోవడం మొదలవగానే వారం తిరక్కుండానే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రతి పేమెంటు మీద పడే స్థిర చార్జీ చిన్న చందాను తినేస్తుంది. ఆ చార్జీ మీరు భరించినా, సభ్యుడు భరించినా తేడా లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడ కనిపిస్తుంది. నిబంధనలు ప్లాట్‌ఫామ్‌వి, మీవి కావు. నెలకోసారి సభ్యుల ఈమెయిల్ జాబితా డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. రేపు ఇంకో చోటికి మారాల్సి వస్తే మీ వెంట వచ్చేది అదొక్కటే.

టాబ్లెట్ సంగతి. ఏడాది చందాల డబ్బుతో కొనవద్దు. కొన్నేళ్ల క్రితం ఒక వాద్యకారుడు నా దగ్గరికొచ్చాడు. నెలకో కొత్త రికార్డింగ్ ఇస్తానని ఏడాది చందాలు తీసుకుని, ఆ డబ్బంతా పెట్టి మంచి వాయిద్యం కొన్నాడు. నాలుగో నెలలో మణికట్టు పట్టేసింది. డాక్టరు మూడు నెలలు వాయించవద్దన్నారు. సభ్యులు ఎవరూ గొడవ చేయలేదు. అతనే నిద్రపోలేకపోయాడు. కుడిచేతికి పట్టీతో, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఎవరికి ఎంత వెనక్కివ్వాలో లెక్కలేసుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు. చివరికి కొన్న వాయిద్యాన్నే తక్కువకు అమ్మి కొందరికి తిరిగిచ్చాడు. మీదీ చేతిమీద నడిచే పనే. అందుకని ఆ 350 పాళ్లను వేరే అకౌంట్‌లోకి మార్చి, నెలకు 50 చొప్పున మీ అకౌంట్‌కు తెచ్చుకోండి. ఏడు నెలల్లో అది అయిపోతుంది, అప్పటికి పని కూడా ఇచ్చేసి ఉంటారు. మధ్యలో ఏమైనా అయితే వెనక్కివ్వడానికి డబ్బుంటుంది. టాబ్లెట్‌కు జీతంలోంచి విడిగా దాచుకోండి. ఆరేళ్లు ఇప్పుడున్నదానితోనే గీశారు, ఇంకొన్ని నెలలు అదే సాయం చేస్తుంది.

ఉద్యోగం విషయానికొస్తే, మానేయడానికీ ఉండిపోవడానికీ మధ్య ఇంకో మెట్టుంది. వారానికి ఒక రోజు తగ్గించుకోవడం కుదురుతుందేమో అడగండి. జీతంలో అయిదో వంతు తగ్గుతుంది. ఆ లోటును సభ్యత్వపు డబ్బు ఇప్పటికే సులువుగా పూడుస్తుంది. ఆ రోజు కామిక్‌కు మాత్రమే, కార్డులకు కాదు. ఒక రోజు ఎక్కువ దొరికితే పని నిజంగా ఎంత పెరుగుతుందో, సభ్యులు దానికి ఎలా స్పందిస్తారో అప్పుడు అంకెల్లో తెలుస్తుంది. ‘పూర్తికాలం గీస్తే మిగతా 40 శాతం వస్తుంది’ అన్న మీ నమ్మకాన్ని ఉద్యోగం పణంగా పెట్టకుండా పరీక్షించే దారి ఇదే.

ఎప్పుడు మానేయవచ్చు? చందాల డబ్బుతో కలపకుండా ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. మానేసేవారి శాతం వరుసగా మూడు నెలలు 4కు మించకూడదు. అన్ని కోతలూ పోయాక అతి తక్కువ వచ్చిన నెలలో కూడా ఇంటి ఖర్చు గడవాలి. మంచి నెలను చూసి నిర్ణయించుకోకండి, ఆరు నెలల్లో అన్నిటికన్నా నీరసంగా ఉన్న నెలను చూడండి. మానేశాక మీకు మీరు ఇచ్చుకునే జీతం కూడా ఆ నెల అంకే. ఎక్కువ వచ్చిన నెలల్లో మిగిలింది జబ్బుపడిన నెలలకు, గీయబుద్ధి కాని నెలలకు దాచుకోండి. అలాంటి నెలలు వస్తాయి. వచ్చినప్పుడు మౌనంగా ఉండిపోకుండా సభ్యులకు ముందే చెప్పి, ఆ నెల చందా వసూలు ఆపేయండి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఆ వీలుంది.

ఏడాది చందాదారుల మొదటి రెన్యువళ్లు ఐదారు నెలల్లో మొదలవుతాయి. అంతకు నెల ముందు ఆ 60 మందికీ ఒక ఉత్తరం రాయండి. ఏడాదిలో ఎన్ని ఎపిసోడ్లు వచ్చాయో, పై ఏడాది ఏం గీయబోతున్నారో చెప్పండి. గడువు తేదీ కూడా స్పష్టంగా రాయండి. మరిచిపోయినవారి కార్డులోంచి డబ్బు లాగేసుకున్నట్టు ఉండకూడదు. అందులో ఎంతమంది మళ్లీ కట్టారో ఆ నెల పట్టికతో పాటు నాకు పంపండి, రాజీనామా ఉత్తరం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.