హిరోషిగే ‘వానలో వంతెన’ బొమ్మ: ముద్రలో 1857 ఉంటే అసలుదేనా?

జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్క అచ్చు బొమ్మ ‘వానలో వంతెన’ మీ దగ్గరుందని, ముద్రలో 1857 ఉంది కాబట్టి అసలుదేనా అని అడిగారు. తేదీ మీరు సరిగ్గానే చదివారు, కానీ అది కాగితం వయసు కాదు. ‘పాము సంవత్సరం, తొమ్మిదో నెల’ అంటే 1857లో ‘ఎదో’ (Edo, నేటి టోక్యో) నగరంలో ఆ బొమ్మకు అనుమతి దొరికిన నెల. తర్వాతి కాలంలో నకళ్ల కోసం కొత్త చెక్క అచ్చులు చెక్కినవాళ్లు సంతకంతో పాటు ఆ ముద్రనూ దించేశారు.

అందరూ వదిలేసే పని ఒక్కటే: ఫ్రేమ్‌లోంచి తీసి చూడటం. అసలు ఆనవాళ్లు అట్ట కింద దాగే అంచుల్లోనూ, వెనకవైపునా ఉంటాయి.

1. అంచులు: నకళ్లు వేసిన ప్రచురణకర్తలు చాలామంది తమ ముద్రను ఇక్కడో, వెనకో వేస్తారు. అది కనిపిస్తే తేలిపోయినట్టే. అంచులు కత్తిరించి ఉంటే ముద్ర లేకపోవడం దేనికీ రుజువు కాదు.

2. వెనక: చేత్తో అచ్చు వేస్తే రంగు కాగితంలోకి ఇంకి వెనక్కి కనిపిస్తుంది, రుద్దిన చారలూ ఉంటాయి. వెనక తెల్లగా, నున్నగా ఉంటే అనుమానించండి.

3. పది రెట్ల భూతద్దం: వాన గీతల దగ్గర, పైన నల్లమబ్బు దగ్గర చూడండి. సన్నని రంగు చుక్కల వరసలుంటే అది యంత్రపు ముద్రణ. మబ్బు ఛాయ అచ్చు మీద రంగును చేత్తో తుడిచి తెచ్చేది, అందుకే ప్రతి కాపీలో కాస్త తేడా.

4. కొలత: సుమారు 36 × 24 సెం.మీ. మరీ చిన్నదైతే నకలే. సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, మంచి నకళ్లూ ఇదే కొలతలో వచ్చాయి.

బొమ్మను అట్టకు జిగురుతో అంటించి ఉంటే మాత్రం మీరు ఊడదీయకండి. తడి తగిలితే రంగులు కారిపోవచ్చు.